కుర్చీ అంచు

పోయిన ఏడాది ఏప్రిల్ 14న మా కాలేజీలో అంబేద్కర్ జయంతి సభ జరిగింది. నేను మాట్లాడాను. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ప్రతి ఏప్రిల్‌లోనూ మాట్లాడుతూనే ఉన్నాను కాబట్టి అందులో వింతేమీ లేదు. ఈసారి మా పల్లె నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న కుర్రాడొకడు ఆ ఉపన్యాసాన్ని సెల్‌ఫోన్‌లో తీశాడు. రాత్రికి నాకు పంపాడు. "ఇరగదీశారు సార్" అని కింద ఒక ముక్క రాశాడు.

అన్నం తిని మంచం మీద వాలి చూడ్డం మొదలుపెట్టాను. ఎవరి గొంతు వాళ్ళకి ముద్దే కదా. ఏడెనిమిది నిమిషాల దాకా బాగానే ఉంది. మైకు ముందు నిలబడి, ఆత్మగౌరవం ఒకరు పెడితే తినేది కాదు అంటున్నాను. సరిగ్గా ఆ మాట మీద ఉండగా హాలు తలుపు తెరుచుకుంది. మా ఊరి కామందు కొడుకు లోపలికొచ్చాడు. మా ఊరు కాలేజీకి పది పన్నెండు కిలోమీటర్లు. అతనిప్పుడు కాంట్రాక్టరు. కాలేజీకి మంచినీళ్ళ ప్లాంటు పెట్టించాడని ప్రిన్సిపాల్ పిలిచాడు. నాకంటే పదేళ్ళు చిన్న.

నా మాట ఆగలేదు. గొంతు కూడా తగ్గలేదు. కాని వేదిక మీదున్న మనిషి మారిపోయాడు. భుజాలు రెండూ లోపలికి ముడుచుకున్నాయి. మైకు ముందునుంచి ఒక అడుగు వెనక్కి పడింది. కుడి చెయ్యి నోటి దగ్గరికి పోయింది. మెడ పక్కకి వాలింది, మోకాళ్ళు కొంచెం వంగాయి, చూపు ఆ వచ్చినవాడి మొహం మీద కాకుండా ఛాతీ దగ్గర ఆగిపోయింది. అతను వచ్చి ముందు వరసలో కూచున్నాక గానీ ఆ ఒళ్ళు మళ్ళీ నిటారు కాలేదు. మొత్తం నాలుగైదు సెకన్లు. పక్కనే కుర్చీలో ఉన్న ప్రిన్సిపాల్ మాత్రం కూచున్నచోటే నవ్వి, చెయ్యి కొంచెం పైకెత్తాడు. అంతే.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అతిథి వచ్చాడు, మర్యాద చేశాను, తప్పేముంది అనుకున్నాను. మళ్ళీ చూశాను. చివరికి శబ్దం తీసేసి చూశాను. శబ్దం తీసేస్తే అక్కడ నిలబడి ఉన్నది నేను కాదు, మా నాయన.

అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. ఆ నాలుగు సెకన్లూ వంగింది ఎవరు? నేను వంగాలనుకోలేదు. వంగుతున్నానని కూడా నాకు తెలీదు. వీడియో చూడకపోతే ఈ జన్మకి తెలిసేది కాదు. నాకు తెలియకుండా నా ఒళ్ళు చేసిన పనికి బాధ్యత నాదా? నాది కాకపోతే మరి ఆ ఒళ్ళు ఎవరిది? నోరు ఒకటి చెబుతూ ఒళ్ళు ఇంకోటి చెబుతుంటే అబద్ధమాడుతోంది ఏది?

మా నాయనకి రెండు ఎత్తులుండేవి. పల్లెలో ఒకటి, ఊళ్ళో ఒకటి. మా వైపు పల్లె అంటే మాలమాదిగలుండేది, ఊరంటే మిగతావాళ్ళుండేది అని ఈ పుస్తకం చదివేవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను. పల్లెలో ఆయన నిట్రాటలాంటి మనిషి. డప్పు సంకకేసుకుని నిలబడితే గుడిసె చూరు ఆయన భుజానికి తగిలేది. ఊళ్ళోకి పోయే దారిలో ఒక చింతచెట్టుండేది. ఆ చెట్టు దాటేసరికి తలగుడ్డ చంకలోకి పోయేది, చెప్పులు చేతిలోకొచ్చేవి, నడుం జానెడు కిందికి దిగేది. మూడూ ఒక్కసారే, ఒకే కదలికలా అయిపోయేవి. తిరిగొచ్చేటప్పుడు అదే చెట్టు దగ్గర మనిషి మళ్ళీ పెరిగేవాడు. ఆయన వెనక నడిచే నేను ఎవరూ చెప్పకుండానే అదంతా నేర్చుకున్నాను. అఆలు నేర్పడానికి పంతులు బెత్తం విరగ్గొట్టాడు గానీ ఇది నేర్పడానికి ఎవరూ కష్టపడలేదు.

కామందు వాకిట్లో ఎక్కడ నిలబడాలో కొలత ఉండేది. చూరునీళ్ళు పడేచోటికి ఇవతల. మాట్లాడేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం, మన ఊపిరి వాళ్ళకి తగలకుండా. కూచోవాల్సి వస్తే గొంతుక్కూచోవాలి, బాసింపట్టు వెయ్యకూడదు. ఎందుకంటే బాసింపట్టు వేసినవాడు తీరిగ్గా ఉన్నట్టు, గొంతుక్కూచున్నవాడు పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. నీళ్ళడిగితే దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. ఎంత ఎత్తునుంచి పోస్తున్నారో దాన్నిబట్టి ఆ ఇల్లాలి మనసు చెప్పేది మా అమ్మ. అన్నిటికంటే నాకు ఇప్పటికీ మింగుడుపడంది మంచం సంగతి. మా గుడిసె ముందు, మా నులకమంచం మీద, మేం కూచుని ఉన్నా సరే, ఊరి మనిషి దారిన పోతుంటే లేచి నిలబడాలి. మంచం మాదే. చోటు మాదే. కాళ్ళు మాత్రం వాళ్ళవి.

తెలంగాణ నుంచి వచ్చిన మిత్రుడొకాయన మా స్టాఫ్‌రూంలో ఉండేవాడు. ఆయన అనేవాడు, "మా దగ్గర 'నీ బాంచను కాల్మొక్త' అన్నది మాట కాదన్నా, అది ఒళ్ళు. ఆ మాట నిటారుగా నిలబడి అనడం ఎవరికీ చాతకాదు" అని. నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు అని చూశాను. నిజంగానే చాతకాలేదు.

అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన చిన్నప్పటి బడి గురించి రాశాడు. క్లాసులో ఒక మూల, విడిగా, గోనెపట్టా మీద కూచోవాలి. ఆ పట్టాని బడి ఊడ్చేవాడు కూడా ముట్టుకోడు కాబట్టి సాయంత్రం ఇంటికి మోసుకుపోయి పొద్దున్నే మళ్ళీ తెచ్చుకోవాలి. మా రోజులకి గోనెపట్టా లేదు. ప్రభుత్వం బెంచీలు వేసింది. అయినా నేను బెంచీ చివర సగం తుంట మీద కూచునేవాణ్ణి. ఎవరూ అక్కడే కూచోమనలేదు. పట్టా చుట్టి ఇంటికి తీసుకుపోయే అవసరం లేకుండా అది ఒంట్లోకే వచ్చేసింది. ఇవాళ్టికీ నేను కుర్చీ అంచునే కూచుంటాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ కుర్చీ వీపూ నా వీపుకి తగల్లేదు. నా చొక్కాలన్నీ మోచేతుల దగ్గర చిరుగుతాయి గానీ వీపు దగ్గర చిరగవని మా ఆవిడ చెబితే గానీ నాకు తెలీదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఎదుటివాడి ఒంటి భాష చదవడంలో మావాళ్ళని మించినవాళ్ళు లేరు. మా నాయనకి సంతకం రాదు. కాని ఆరె, రంపె ముందు పెట్టుకుని బాగుచెయ్యడానికొచ్చిన చెప్పుని తిరగేసి చూశాడంటే మనిషిని చెప్పేవాడు. మడమ బయటివైపు అరిగితే వీడు కాలు ఎగరేసి నడిచే మనిషిరా, మాట మీద నిలవడు అనేవాడు. బొటనవేలు కింద గుంటపడితే లోపల్లోపల ఉడికేవాడు అనేవాడు. కామందు తువ్వాలు ఏ భుజాన ఉంది, దగ్గు ఎట్టా దగ్గాడు, మీసం మీద చెయ్యి ఎన్నిసార్లు పోయింది, ఇవన్నీ లెక్కేసుకుని ఇవాళ గింజలు అడగొచ్చు, ఇవాళ అడగకూడదు అని తేల్చుకునేవాడు. అది చదవడం రాకపోతే పిల్లలకి కూడు లేదు. ఇంత చదివినవాడికి తన ఒళ్ళు తను చదువుకునే తీరిక ఎవరిచ్చారు? చదువుకుంటే మాత్రం ఏం చేసేవాడు?

1983లో నేను పదో తరగతి పాసయ్యాను. మా పల్లెలో ఫస్టుక్లాసు తెచ్చుకున్న మొదటివాణ్ణి. మా నాయన నాకు చెప్పులు కుట్టాడు. లందలో నానేసిన తోలు, తంగేడు చెక్కతో పదునుపెట్టిన తోలు, నెలరోజుల పని. కామందులకి కుట్టే చెప్పుల్లో ఆయన కిర్రు పెట్టేవాడు. నడుస్తుంటే కిర్రుకిర్రుమని వీధంతా వినపడాలి, అదీ వాళ్ళ దర్జా. నా చెప్పులకి కిర్రు పెట్టలేదు. నాకెందుకు పెట్టలేదని నేను అలిగాను. ఆయన ఏమీ అనలేదు.

వేసవి సెలవుల్లో హాస్టలు నుంచి ఇంటికొస్తూ బస్సు దిగి, ఆ చెప్పులేసుకుని, చింతచెట్టు గురించి మర్చిపోయి, నడివీధిలో నడిచాను. మర్చిపోయానన్నది అబద్ధం. గుర్తుండే నడిచాను. కామందు అరుగు మీద కూచుని ఉన్నాడు. మా నాయన ఆ వాకిట్లోనే ఏదో పనిమీద ఉన్నాడు. కామందు నన్ను పిలవలేదు, తిట్టలేదు. మా నాయన వైపు తిరిగి, "ఏరా, మీవోడికి ఈదిలో కాళ్ళు కాలతన్నాయా?" అన్నాడు, నవ్వుతూనే.

మా నాయన పరిగెత్తుకొచ్చాడు. వచ్చీరాగానే నా చెంప మీద కొట్టాడు. నేను తూలి పడ్డాను. వంగి నా కాళ్ళ చెప్పులు తనే ఊడదీసి నా చేతుల్లో పెట్టాడు. అరుగు మీద పదిమందీ చూస్తున్నారు. పుస్తకాల సంచీ దుమ్ములో ఉంది. నేను ఆ చెప్పులు గుండెలకి పట్టుకుని, కాలే నేల మీద పరిగెత్తి పల్లెలోకొచ్చి పడ్డాను.

ఆ రాత్రి ఆయన నాతో మాట్లాడలేదు. బుడ్డి ముందేసుకుని ఆ చెప్పులు తుడిచి, ఆముదం రాసి, అరచేత్తో రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. పొద్దున్నే లేచి చూస్తే నా తలాపున పక్కపక్కన, జతగా పెట్టి ఉన్నాయి. నేను వాటిని తాకలేదు. పదేళ్ళు ఆయన్ని ద్వేషించాను. నన్ను కొట్టినందుకు కాదు. వాళ్ళ తరఫున కొట్టినందుకు.

తర్వాత రెండేళ్ళకి, 1985 జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని నరికి చంపారు. ముందురోజు చెరువు దగ్గర జరిగింది అందరికీ తెలుసు. తాగే నీళ్ళు పాడుచేస్తున్నారని అడిగితే మీదకొచ్చినవాళ్ళ మీద మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మనవాళ్ళు చీరాలకి పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. 1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరు. అక్కడ సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూచున్న రెడ్ల అబ్బాయికి తగిలింది. కాలు తగిలింది, అంతే. సాంఘిక బహిష్కరణతో మొదలై ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసేదాకా పోయింది. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

ఈ రెండింటి గురించీ మనవాళ్ళు చాలా రాశారు. భూమి గురించి, చదువు గురించి, రాజకీయాల గురించి రాశారు. అవన్నీ నిజమే. నేను చెప్పేది చిన్న విషయం. రెండుచోట్లా నిప్పు రాజేసింది ఎత్తిన చెయ్యి, చాపిన కాలు. నోటి మాటకి తిట్టి వదిలేసేవాళ్ళు ఒంటి మాటని వదల్లేదు. చుండూరు తర్వాత కొన్ని నెలలపాటు నేను గుంటూరులో ఏ సినిమాకి పోయినా కాళ్ళు సీటు కిందికి మడుచుకుని కూచున్నాను. యూనివర్సిటీలో నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకున్నవాణ్ణే. చీకట్లో, ఎవరూ చూడనిచోట, కాళ్ళు మాత్రం వాటి జాగ్రత్తలో అవి ఉన్నాయి.

యూనివర్సిటీ రోజుల్లో వామపక్షంవాళ్ళతో కూడా తిరిగాను. అక్కడ అందరం కిందే కూచునేవాళ్ళం, గుండ్రంగా. కుర్చీల్లేవు కాబట్టి అంచుల్లేవు అనుకునేవాణ్ణి. కాని పట్టాలు పరిచేది మేమే, చుట్టేదీ మేమే. పాట మాది, ఉపన్యాసం వాళ్ళది. నాయకుడొకాయన నడుస్తూ నడుస్తూ నా భుజం మీద చెయ్యేసేవాడు. మంచివాడే, ప్రేమగానే వేసేవాడు. నాలుగేళ్ళలో నేను ఆయన భుజం మీద ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేకపోయాను. ఆయన వద్దన్నాడా? లేదు. నా చెయ్యే లేవలేదు. ఇది ఆయనతో చెబితే, వర్గపోరాటంలో ఇవన్నీ కరిగిపోతాయి అన్నాడు. భుజం మీద చెయ్యేసే అన్నాడు.

ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇంకో తమాషా. బోర్డు మెంబరొకాయన "సబ్జెక్టు ఉందయ్యా, కాన్ఫిడెన్సు లేదు. కళ్ళలోకి చూసి మాట్లాడవేం?" అన్నాడు. మా ఊళ్ళో కళ్ళలోకి చూస్తే "ఏందిరా గుడ్లురుముతున్నావ్" అని చెంప పగలగొట్టేవాళ్ళు. ఇక్కడ చూడకపోతే ఉద్యోగం లేదు. రెండూ ఒకే కులంవాళ్ళే అడిగారు. అప్పట్లో వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు విరివిగా వస్తుండేవి. కొని చదివాను. వీపు ఆనించి కూచో, చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపు, గడ్డం పైకెత్తు. హాస్టలు గదిలో పగిలిన అద్దం ముందు అన్నీ చేశాను. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. బిడియం మనిషి స్వభావమనుకున్నారు. గడ్డం ఎత్తితే దెబ్బపడే వీధులున్నాయని వాళ్ళకి తెలీదు.

ఉద్యోగం వచ్చాక సహోద్యోగులు "మాస్టారు చాలా వినయంగా ఉంటారండీ" అనేవాళ్ళు. మొదట్లో పొంగిపోయాను. తర్వాత ఒక సంగతి గమనించాను. పై కులం లెక్చరరు తలొంచుకుంటే సంస్కారం, నేను తలొంచుకుంటే వినయం. ఆయన నిటారుగా నడిస్తే హుందా, నేను నిటారుగా నడిస్తే "ఈ మధ్య ఏంటో తేడాగా ఉంటున్నారు." వెన్నెముకలు రెండూ ఒకలాంటివే, పేర్లు వేరు. మన పిల్లలు కాస్త తల ఎత్తగానే పొగరు, కొవ్వు అనే మాటలు ఎంత తయారుగా ఉంటాయో విద్యార్థులుగా ఉన్నవాళ్ళకి నేను చెప్పాలా?

అట్లాగని వంగడమే తప్పు అనను. నాట్లేసే ఆడవాళ్ళు వంగుతారు. చెప్పు కుట్టేవాడు వంగకుండా కుట్టలేడు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువులో నీళ్ళు ముంచుకుని తాగాడు. చెరువులో నీళ్ళు ముంచాలంటే ఎవరైనా వంగాల్సిందే. ఆ వంగడం మావాళ్ళు వేల ఏళ్ళుగా పట్టిన దోసిలి కాదు. పైన చెంబు పట్టుకుని ఎవరూ నిలబడి లేరు. చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా ఒంట్లో కనపడదు, పైన ఎవరున్నారో చూస్తే కనపడుతుంది.

మా పల్లెలో అంబేద్కర్ విగ్రహం పెట్టినరోజు మా నాయన ఎట్లా నిలబడతాడా అని నేను చూశాను. నీలం కోటు, చేతిలో పుస్తకం, ఎత్తిన వేలు. మా కుర్రాళ్ళందరికీ ఆ వేలే మొదటి వాచకం. చాలామంది ఫొటోలు దిగేటప్పుడు తెలియకుండానే అట్లా నిలబడతారు. మా నాయన కూడా అలవాటుగా తలగుడ్డ తీసి చంకలో పెడతాడనుకున్నాను. తియ్యలేదు. దగ్గరికిపోయి, వంగి, విగ్రహం కాళ్ళవైపు చాలాసేపు చూశాడు. మొక్కుతున్నాడేమో అనుకుని నాకు కోపం కూడా వచ్చింది. లేచి, "బూట్లు సరిగ్గా రాలేదురా. ఈయన కాలు కొలత ఎవరు తీసుకున్నారో" అన్నాడు.

ఇప్పటిదాకా రాసింది నాకు రాయడం తేలికే. మిగతాదే కష్టం.

వీడియో చూసిన తర్వాత కొన్నాళ్ళపాటు నా ఒళ్ళు ఏం చేస్తోందో గమనించడం మొదలుపెట్టాను. వంగుతున్న చోట్లు పట్టుకోవాలని. అవి పట్టుకుంటుంటే ఇంకోటి దొరికింది. మా కాలేజీలో ఊడ్చే ఆమె ఉంది. రెల్లి కులం, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నేను వరండాలో వస్తుంటే చీపురు పక్కన పెట్టి, గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. ఎన్నేళ్ళుగా నిలబడుతోందో! నేను ఆగకుండా, గడ్డం ఒకసారి కిందికీ పైకీ ఆడించి వెళ్ళిపోతాను. ఆ గడ్డం ఆడించడం ఎవరిదో నాకు తెలుసు. అరుగు మీద కూచున్నవాడిది. చిన్నప్పుడు మేం వాళ్ళ ఒళ్ళు ప్రాణం పెట్టి చదివాం కదా. చదివింది ఊరికే పోలేదు, నేర్చుకున్నాం. నా ఒంట్లో మా నాయన ఒక్కడే లేడు, కామందు కూడా ఉన్నాడు. మనకంటే మీదివాడు కనపడితే ఒకడు లేస్తాడు, కిందివాడు కనపడితే ఇంకొకడు లేస్తాడు.

ఇంట్లో ఈ మాట చెబితే మా అమ్మాయి నవ్వింది. "నాన్నా, మీరు పేపరు చదువుతూ ఖాళీ గ్లాసు అట్లా పక్కకి చాపుతారు. అమ్మ వచ్చి తీసుకునేదాకా చెయ్యి దించరు. మీకు తెలుసా?" అంది. తెలీదు. మా ఆవిడ ఏమీ అనలేదు, వంటింట్లోకి పోయింది. ఆ పోవడం కూడా ఒక జవాబే. పాతికేళ్ళుగా ఆ జవాబు నేను చదవలేదు.

మర్నాడు ఊడ్చే ఆమె దగ్గర ఆగాను. "నేనొస్తే లేవొద్దమ్మా, నీ పని నువ్వు చేసుకో" అన్నాను. పెద్ద పని చేసినట్టు అనిపించింది. ఆమె చీపురు చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "మీరంటే అంటారు సారూ. ఎవరికి లేవాలో ఎవరికి లేవకూడదో గుర్తెట్టుకోడం నాకు కష్టం. అందరికీ లేస్తే ఒక బాధ ఉండదు" అంది. అని ఊడ్చుకుంటూ పోయింది.

నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ళూ మావాళ్ళు వంగడాన్ని బానిసత్వమని సభల్లో చెప్పాను. ఆమె దాన్ని లెక్కగా చెప్పింది. ఒక్కరి దగ్గర పొరపాటున లేవకపోతే పోయే ఉద్యోగం, అందరికీ లేస్తే పోయే ఓపిక, ఈ రెండూ తూకం వేసుకుంది. ఉద్యోగ భద్రత ఉన్న నేను వెళ్ళి నువ్వు లేవొద్దని చెప్పడంలో ఆమె గౌరవం ఎంతుందో, నా మనశ్శాంతి ఎంతుందో నాకే తెలీలేదు. నిటారుగా నిలబడ్డానికి ఖర్చవుతుంది. అది ఎవరు పెట్టుకోవాలో చెప్పకుండా నిలబడు నిలబడు అంటున్నామేమో మనం. ఇది ఉద్యమంలో ఉన్న మిత్రులకి కోపం తెప్పించొచ్చు. తెప్పించనివ్వండి.

ఆ రోజు ఇంటికొచ్చి 1983 నాటి చెంపదెబ్బని మళ్ళీ తలచుకున్నాను. కామందు నవ్వుతూ అడిగాడు అని రాశాను కదా. మా నాయన ఆ నవ్వు చదివాడు. అరుగు మీద ఇంకా ముగ్గురు కుర్రాళ్ళున్నారు, నాకంటే పెద్దవాళ్ళు. వాళ్ళు కాళ్ళు కిందికి దించారు. అది నాకిప్పుడు గుర్తొస్తోంది. అరుగు మీద కాళ్ళు దించడమంటే లేవబోతున్నారని. అది నేను చూశాను గానీ చదవలేదు. ఆయన చదివాడు. వాళ్ళ చెయ్యి పడేలోపల తన చెయ్యి వేశాడు. తండ్రి కొట్టిన పిల్లవాణ్ణి మళ్ళీ వేరేవాళ్ళు కొట్టరు. వాళ్ళ తరఫున కొట్టాడనుకున్నాను. చెప్పులకి కిర్రు పెట్టనివాడు వాళ్ళ తరఫువాడు ఎట్లా అవుతాడు?

అయితే ఆయన చేసింది సరైందేనా అంటే, ఆ మాట నేను అనలేను. ఆ దెబ్బ నా ప్రాణం కాపాడి ఉండొచ్చు. వేదిక మీద నాలుగు సెకన్లపాటు నన్ను వంచింది కూడా ఆ దెబ్బే. రెండూ ఒకే చేతినుంచి వచ్చాయి. ఆముదం రాసిందీ ఆ చెయ్యే.

అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి సవరణ అమల్లోకొచ్చింది. దళితులు బహిరంగ స్థలాల్లో చెప్పులు వేసుకోకుండా, కొత్తబట్టలు కట్టుకోకుండా, సైకిలెక్కకుండా అడ్డుకోవడం నేరమని అందులో పేరుపెట్టి రాశారు. చెప్పులు అన్న మాట చట్టంలో చూసినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పటికి మా నాయన లేడు. ఉంటే చదివి వినిపించేవాణ్ణి. "ఇంతకాలం పట్టిందా" అనేవాడో, "ఏ రకం చెప్పులని రాశారు?" అనేవాడో. ఎవడైనా అడ్డుకుంటే కేసు పెట్టమని ఆ చట్టం చెబుతుంది. అడ్డుకునేవాడు నా మోకాళ్ళలోనే ఉంటే ఏ స్టేషన్‌కి పోవాలో ఏ సెక్షనూ చెప్పదు.

ఊడ్చే ఆమె విషయం ఏం చేశాననేది కూడా రాయాలి. ఆమె లేవడం మానలేదు. నేను ఆమె కనపడితే ఆగుతున్నాను, ఆమె మొహంలోకి చూసి పలకరిస్తున్నాను. స్టాఫ్‌రూంలోకి ఆమె వస్తే నేను కూడా లేస్తున్నాను. మొదటిరోజు నేను లేవగానే ఆమె బెదిరిపోయి వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసింది. పక్క టేబుల్ దగ్గరాయన "ఏం మాస్టారూ, నడుం పట్టేసిందా?" అన్నాడు. గ్లాసు సంగతి ఇంకా పూర్తిగా కుదరలేదు. పేపర్లో మునిగితే చెయ్యి మళ్ళీ చాపుకుంటుంది. మా అమ్మాయి దగ్గుతుంది. దించుతాను.

ఈ ఏడాది ఏప్రిల్‌లో కూడా సభ జరిగింది. అతను మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఆలస్యంగానే. ఈసారి నేను మైకు దగ్గర లేను, వేదిక మీద కుర్చీలో ఉన్నాను. అతను తలుపు దగ్గర కనపడగానే కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. వీపు వెనక్కి ఆనించాను. చెమటకి చొక్కా కుర్చీకి అంటుకుంది. కాళ్ళలో ఏదో లాగుతున్నట్టుంది. అతను నావైపు చూశాడో లేదో నాకు తెలీదు. అసలు అతను ఎక్కడ కూచున్నాడో కూడా గమనించలేదు. నా మోకాళ్ళనే చూసుకుంటూ ఉన్నాను.

ఆ రాత్రి ఆ కుర్రాడు మళ్ళీ వీడియో పంపాడు. ఈసారి కింద ఏమీ రాయలేదు. ఇంకా తెరిచి చూడలేదు.